తల వంచనివ్వని తోలుపట్టె

వడ్ల బస్తాలు నింపిన ఎడ్లబండి గడ్డ ఎక్కేటప్పుడు ఎడ్లు ఏం చేస్తాయో చూసినవాళ్లకు తెలుసు. ముందుగా తల దించుతాయి. మెడ ముందుకు చాస్తాయి. ఒంట్లో బలమంతా కాడి మీద పడేదాకా వంగి, అప్పుడు కాలు లేపుతాయి. వేములవాడ నుంచి కోరుట్లకు పోయే తొవ్వలో, గుట్టల నడుమ ఉంటుంది మా రుద్రంగి. నేల ఎగుడు దిగుడు. చిన్నప్పుడు తాత పక్కన బండి మీద కూర్చుంటే, గడ్డ వచ్చినప్పుడల్లా నాకు భయమేసేది. పగ్గం గట్టిగా గుంజి పట్టుకునేవాణ్ణి. తాత నా చేతి మీద ఒక్కటిచ్చి, "పగ్గం ఇడువురా! తల ఇడుస్తెనే అది గుంజుతది" అనేవాడు.

చాలా ఏళ్ల తర్వాత 'బ్లాక్ బ్యూటీ' అనే ఇంగ్లిష్ నవల చదువుతుంటే తాత మాటే మళ్లీ ఎదురైంది. ఈసారి చెప్పేది ఒక నల్లగుర్రం. దాన్ని కొనుక్కున్న గొప్పింటి దొరసానికి గుర్రాలు ఎప్పుడూ తల ఎత్తుకునే కనబడాలి. అందుకని కళ్లెం నుంచి వీపు మీది జీను దాకా ఒక తోలుపట్టె బిగిస్తారు. ఆ పట్టె ఉన్నంతసేపు గుర్రం తల దించలేదు. చదును నేల మీద ఎట్లాగో నెట్టుకొస్తుంది. గడ్డ వచ్చినప్పుడు మాత్రం మెడ ముందుకు చాచలేక, బరువంతా నడుము మీద, వెనక కాళ్ల మీద మోస్తుంది. ఊపిరి సరిగా ఆడదు. నోట్లో ఇనుప ముక్క ఒరుసుకుని నురగలో నెత్తురు కలుస్తుంది. ఈ పట్టె వల్ల బండికి పైసా లాభం లేదు, దారి ఒక్క గజం కూడా తరగదు. చూసేవాళ్లకు గుర్రం ఠీవిగా కనబడుతుంది. అందుకోసమే ఇదంతా.

ఈ పుస్తకం పేరు వినని ఇంగ్లిష్ మీడియం పిల్లలు తక్కువ. చాలామంది చదివేది మాత్రం రంగుల బొమ్మలతో నలభై పేజీలకు కుదించినది. అందులో మంచి గుర్రం, చెడ్డ యజమానులు, చివరికి సుఖం, అంతే మిగులుతుంది. అసలు పుస్తకం అంత చిన్న సంగతి చెప్పలేదు. మన ఊళ్ల దగ్గర పెట్టి చూస్తే అది చెప్పినదాని లోతు ఇంకా బాగా కనబడుతుందని నా నమ్మకం. అందుకే నింపాదిగా వివరిస్తాను.

రాసినావిడ పేరు అన్నా సూయెల్. 1820లో ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉన్న గ్రేట్ యార్మత్ అనే ఊళ్లో పుట్టింది. పద్నాలుగేళ్ల వయసులో వానలో బడి నుంచి ఇంటికొస్తూ జారిపడింది. రెండు కాళ్ల చీలమండలూ దెబ్బతిన్నాయి. ఆనాటి వైద్యం వాటిని బాగుచేయలేకపోయింది. ఆ తర్వాత జీవితమంతా ఆవిడ ఎక్కువసేపు నిలబడలేదు, ఎక్కువ దూరం నడవలేదు. ఎక్కడికి పోవాలన్నా గుర్రపు బగ్గీయే దిక్కు. తండ్రిని రైల్వే స్టేషన్‌లో దింపి రావడం, తిరిగి తీసుకురావడం ఆవిడ పని. తన రెండు కాళ్లు చేయలేని పనిని నాలుగు కాళ్లు చేసిపెడుతుంటే, వాటి కష్టం ఆవిడకు కనబడకుండా ఎట్లా ఉంటుంది?

1871లో పుస్తకం మొదలుపెట్టింది. అప్పటికి ఆరోగ్యం బాగా చెడింది. ఎక్కువ కాలం పడక మీదో సోఫా మీదో గడిచేది. ఓపిక ఉన్న రోజు కాగితం ముక్కల మీద పెన్సిల్‌తో రాసేది. లేని రోజు చెబుతుంటే తల్లి మేరీ రాసుకునేది. ఆ తల్లి కూడా రచయిత్రే, పిల్లల కోసం పద్యాలు రాసిన మనిషి. కూతురి ముక్కలన్నిటినీ ఏరి శుద్ధప్రతి తయారుచేసింది ఆవిడే. ఇట్లా ఆరేళ్లు పట్టింది. 1877 నవంబర్ 24న నార్విచ్ పట్నంలోని జారాల్డ్ సంస్థ పుస్తకాన్ని అచ్చువేసింది. ఐదు నెలలకు, 1878 ఏప్రిల్ 25న, అన్నా చనిపోయింది. ఆమెది అదొక్కటే పుస్తకం. అది కోట్ల ప్రతులు అమ్ముడుపోవడం ఆమె చూడలేదు. శవయాత్రకు బండ్లు వచ్చి వాకిట్లో నిలిచినప్పుడు ఆ గుర్రాల తలలు కూడా తోలుపట్టెతో బిగించి ఉన్నాయని, తల్లి చూసి వాటిని తీయించిన తర్వాతే బండ్లు కదిలాయని చెబుతారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆవిడ ఈ పుస్తకాన్ని పిల్లల కోసం రాయలేదు. గుర్రాలతో పనిచేసేవాళ్ల కోసం రాసింది. బండి తోలేవాళ్లు, లాయంలో మాలిష్ చేసేవాళ్లు, సాయిసులు, వాళ్లకు జీతమిచ్చే యజమానులు ఆమె పాఠకులు. అధ్యాయాలు పొట్టిగా ఉండేది అందుకేననిపిస్తుంది. మొత్తం 49 ఉన్నాయి. పొద్దుగూకి పని ముగిశాక లాంతరు ముందు కూర్చుని ఒకడు చదివితే పదిమంది వినగలిగినంత నిడివి ఒక్కొక్కటి. మాటలు కూడా అంతే తేటగా ఉంటాయి. గుర్రం తన కథ తానే చెప్పుకుంటుంది. గుర్రపు భాష నుంచి తాను అనువదించానన్నట్టుగా అన్నా ముఖపత్రం మీద వేయించింది.

మాట్లాడే జంతువులు మనకు కొత్త కాదు. పంచతంత్రం మన ఇంటిదే. చిన్నయసూరి నీతిచంద్రికలో కాకి, ఎలుక, తాబేలు మాట్లాడుకుంటూనే ఉంటాయి. అయితే అవి మాట్లాడేది మనుషుల సంగతులు. స్నేహం, రాజనీతి, మోసం, లౌక్యం. వాటి కడుపులో ఆకలి, కాలి కింద రాయి గుచ్చుకుంటే నొప్పి ఆ కథలకు అక్కరలేదు. ఆవు-పులి కథలో ఆవుకు బిడ్డ మీద ప్రేమ ఉంది, మనసు కరుగుతుంది. అది కూడా చివరికి సత్యవాక్యం గురించిన కథే. అన్నా సూయెల్ గుర్రం మాత్రం గుర్రం సంగతే చెబుతుంది. డెక్కలో రాయి ఇరుక్కుంటే ఎట్లా ఉంటుందో, గంతలు కడితే వెనక వచ్చే చప్పుడు ఎంత భయపెడుతుందో, లాయంలో తడి గడ్డి మీద రోజుల తరబడి నిలబడితే కాళ్లు ఎట్లా మెత్తబడిపోతాయో. ఇది చిన్న మార్పులా కనబడుతుంది. నిజానికి పుస్తకం బలమంతా అక్కడే ఉంది.

కథ క్లుప్తంగా ఇదీ. నల్లగుర్రం ఒక మంచి పల్లెటూరి యజమాని దగ్గర పెరుగుతుంది. గోర్డన్ అనే దొర కొంటాడు. అక్కడ జాన్ మాన్లీ అనే సాయిసు ప్రాణంగా చూసుకుంటాడు. జింజర్ అనే ఎర్ర ఆడగుర్రం, మెర్రీలెగ్స్ అనే పొట్టి గుర్రం తోడు. దొరగారి భార్యకు జబ్బు చేయడంతో ఆ కుటుంబం దేశం విడిచిపోతుంది, గుర్రాలు అమ్ముడవుతాయి. అక్కడి నుంచి నల్లగుర్రం చేతులు మారుతూనే ఉంటుంది. తోలుపట్టె దొరసాని, తాగి స్వారీ చేసి దాని మోకాళ్లు చీల్చి తాను కూడా చచ్చిపోయే రూబెన్ స్మిత్, దాణా దొంగిలించే నౌకరు, లండన్ కిరాయి బండి తోలే మంచి మనిషి జెర్రీ, ఆ తర్వాత కనికరం లేని స్కిన్నర్. ఆఖరున మళ్లీ ఒక మంచి ఇల్లు.

ఈ చేతులు మారడంలోనే పుస్తకం ఏం చెప్పదలచిందో ఉంది. గుర్రం చేసిన తప్పేమీ లేదు. అది మొదటి నుంచి చివరి దాకా ఒకే గుర్రం. మారేది పగ్గం పట్టిన చెయ్యి. ప్రతి అమ్మకం దానికి ఒక లాటరీ. ఎంత మంచి యజమాని అయినా, అతని మంచితనం అమ్మకం రోజుతో ముగిసిపోతుంది. అన్నా సూయెల్ ఈ సంగతిని ఎంత జాగ్రత్తగా గమనించిందో మెర్రీలెగ్స్ దగ్గర తెలుస్తుంది. గోర్డన్ దొర ఆ పొట్టి గుర్రాన్ని చర్చి పాదరీకి ఇచ్చేస్తాడు, ఒక షరతు పెట్టి. దాన్ని ఎన్నడూ అమ్మకూడదు. పని చేయలేని రోజు వచ్చినప్పుడు నొప్పి లేకుండా చంపి పూడ్చిపెట్టాలి. వినడానికి కఠినంగా ఉంటుంది కానీ, ఒక జంతువు రేపటి గురించి ముందే ఆలోచించి మాట తీసుకున్న చోటు అది. ఆ షరతు దొరకని జింజర్ గతి ఏమైందో తర్వాత చూస్తాం. లండన్ వీధిలో ఎముకల గూడులా ఎదురై, చచ్చిపోతే బాగుండునంటుంది. కొన్నాళ్లకు ఒక బండి మీద చచ్చిన ఎర్రగుర్రం వేలాడే తలతో పోతుంటే, అది జింజరే అయి ఉంటుందని, అయితే బాగుండునని నల్లగుర్రం అనుకుంటుంది. ఆ పేజీ చదివి కళ్లు తుడుచుకోని పెద్దవాళ్లను నేను చూడలేదు.

ఇప్పుడు చిన్న జో దగ్గరికి వస్తాను. నా లెక్కన ఈ పుస్తకంలో అందరికంటే ముఖ్యమైన మనిషి అతనే. పద్నాలుగేళ్ల పిల్లవాడు, లాయంలో కొత్తగా పనికి చేరాడు. ఒక రాత్రి దొరసాని ప్రాణం మీదికొస్తుంది. డాక్టర్ కోసం జాన్ మాన్లీ నల్లగుర్రాన్ని ఎనిమిది మైళ్లు ఆపకుండా పరుగెత్తిస్తాడు. తిరుగు దారిలో డాక్టర్ దాని మీదే వస్తాడు. ఇల్లు చేరేసరికి దాని ఒంట్లో ఒక్క వెంట్రుక పొడిగా లేదు, ఒళ్లంతా ఆవిరి. జాన్ ఇంకా నడిచి వస్తున్నాడు. లాయంలో ఉన్నది జో ఒక్కడే. పాపం, తనకు తెలిసినంతలో ఎంతో ప్రేమగా చూశాడు. కాళ్లు రుద్దాడు, బకెట్ నిండా చన్నీళ్లు తాగించాడు, దాణా పెట్టాడు. వేడిగా ఉంది కదా అని గొంగడి కప్పలేదు. వెళ్లి పడుకున్నాడు. తెల్లవారేసరికి గుర్రానికి వణుకు, ఊపిరితిత్తుల వాపు. చావు తప్పి బయటపడింది.

జోది చెడ్డ మనసు కాదు. అతని తండ్రి కూడా అదే అంటాడు, తెలియక చేశాడని. జాన్‌కు కోపం వచ్చేది ఆ మాటకే. దుర్మార్గం తర్వాత లోకంలో ఎక్కువ కీడు చేసేది తెలియనితనమే అన్నది అతని వాదన. ఇందులో నేర్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. చెమట పట్టిన గుర్రానికి చన్నీళ్లు ఇవ్వకూడదన్న ఆనాటి భయాన్ని ఈనాటి పశువైద్యం అంతగా ఒప్పుకోదు. అలసిన గుర్రానికి నీళ్లు ఇవ్వవచ్చనే అంటుంది. అంటే జాన్ మాన్లీకి తెలిసినదాంట్లో కూడా దిద్దుకోవలసింది ఉంది. జీవిని సాకేవాడు నేర్చుకోవడం ఆపకూడదని దీని అర్థం. ప్రేమ ఉంది కదా అని ఊరుకుంటే చాలదు.

మన పెద్దలు ఈ తెలివికి ఒక పేరు పెట్టారు, అశ్వహృదయం. నలుడి కథలో వస్తుంది. గుర్రం మనసు తెలిసిన విద్య అది. నలుడు బాహుకుడి వేషంలో ఋతుపర్ణుడి దగ్గర ఉన్నప్పుడు దాన్ని ఇచ్చి, పాచికల విద్య అయిన అక్షహృదయాన్ని పుచ్చుకున్నాడు. విరాటుడి కొలువులో నకులుడు పనికి కుదిరింది గుర్రాల దగ్గరే. వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది ద్రోణపర్వంలో సైంధవుణ్ణి చంపే నాటి ఘట్టం. పొద్దుగూకేలోగా చంపాలి, లేకపోతే అర్జునుడు నిప్పుల్లో దూకాలి. అంత తొందరలో గుర్రాలు అలసిపోయాయని, ఒంటి నిండా బాణాలున్నాయని గమనించి రథం ఆపారు. అర్జునుడు నేల మీద నిలబడి శత్రువులను ఆపుతూ, బాణంతో నీటి మడుగు పుట్టించాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, తన చేతులతో బాణాలు పీకి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించి, మేత పెట్టి, అవి తేరుకున్నాకే మళ్లీ కట్టాడు. యుద్ధం నడిమధ్యన, ప్రాణం మీదికొచ్చిన వేళ. ఆ ఘట్టాన్ని పిల్లలకు చెప్పి, ఆ తర్వాత జో కథ చదివి వినిపించండి. అవి రెండూ ఒకదానికొకటి అర్థం చెబుతాయి.

పిల్లల పుస్తకాల్లో కోసేసే భాగం లండన్ కిరాయి బండ్లది. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే. జెర్రీ సొంత బండివాడు, వారానికి ఆరు రోజులే తోలుతాడు. రెండు గుర్రాలను మార్చి మార్చి కడతాడు. అడ్డా మీద అతనికి శామ్ అనే చిరుగుల కోటువాడు ఒకడు తెలుసు. శామ్ గుర్రం ఎప్పుడూ కుంటుతూ, చెమటతో ఉంటుంది. ఒక రోజు తోటివాళ్లు నిలదీస్తే అతను లెక్క చెబుతాడు. బండి, గుర్రాలు స్కిన్నర్‌వి. రోజుకు పద్దెనిమిది షిల్లింగులు కిరాయి ముందు కట్టాలి. అది వచ్చాకే తన ఇంటికి ఒక్క పెన్నీ. ఇంట్లో పిల్లలున్నారు. పద్నాలుగు, పదహారు గంటలు తోలితే తప్ప పూట గడవదు. గుర్రాన్ని కొట్టడం తనకు ఇష్టమా? కొట్టకపోతే పిల్లలు పస్తుంటారు. కొద్ది రోజులకే శామ్ జబ్బుపడి చచ్చిపోతాడు.

అన్నా సూయెల్ ఇక్కడ చేసిన పని చాలామంది జంతుప్రేమికులు ఈనాటికీ చేయరు. కొరడా పట్టిన చేతిని చూసి తిట్టి ఊరుకోలేదు. ఆ చేతి వెనక ఎవరున్నారో పైదాకా వెతికింది. కిరాయి గుంజే యజమాని కనబడ్డాడు. రైలు తప్పిపోతుందని తొందరపెట్టే ప్రయాణికుడు కనబడ్డాడు. నూతన సంవత్సరం ముందటి రాత్రి పేకాటకు పోయిన ఇద్దరు పెద్దమనుషులు జెర్రీని పదకొండు గంటలకు రమ్మని, ఒంటిగంట దాటాక బయటికొస్తారు. అంతసేపు మంచుగాలిలో గుర్రం, మనిషి నిలబడే ఉంటారు. జెర్రీకి ఊపిరితిత్తుల జబ్బు చేసి బండి తోలడమే మానుకోవాల్సి వస్తుంది. నల్లగుర్రం మళ్లీ అమ్ముడుపోతుంది. ఆ పెద్దమనుషులు ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఫంక్షన్ హాల్ బయట అర్ధరాత్రి దాకా స్టీరింగ్ మీద తల వాల్చుకుని ఎదురుచూసే కిరాయి కారు డ్రైవర్లు మనకు తెలుసు. వాళ్లను నిలబెట్టిందీ అటువంటి పెద్దమనుషులే. లోపల విందు తింటున్నది మనమే.

పుస్తకం వల్ల ఏమైనా మారిందా? ఇంగ్లండులో పశువులను హింసించకూడదన్న చట్టం 1822లోనే వచ్చింది, దాన్ని తెచ్చిన రిచర్డ్ మార్టిన్ పేరుతోనే పిలుస్తారు. 1824లో జంతు హింస నివారణ సంఘం పుట్టింది. అంటే పుస్తకానికి ముందే దారి పడింది. చట్టం చేయలేనిది పుస్తకం చేసింది, లాయంలోకి నడిచి వెళ్లింది. అమెరికాలో జార్జ్ ఏంజెల్ అనే జంతు సంక్షేమవాది 1890లో దీన్ని అచ్చువేయించి బండ్లవాళ్లకు, లాయాల్లో పనిచేసేవాళ్లకు పంచిపెట్టాడు. బానిసత్వం మీద 'అంకుల్ టామ్స్ కేబిన్' నవల చేసిన పనిని గుర్రాల విషయంలో ఇది చేస్తుందని అతని ఆశ. తోలుపట్టె మీద జనానికి ఏవగింపు పుట్టింది, క్రమంగా వాడకం తగ్గింది. ఫ్యాషన్ కోసం గుర్రాల తోకలు కోయడాన్ని కూడా ఈ పుస్తకం గట్టిగా తప్పుపట్టింది. బ్రిటన్‌లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1949లో, అన్నా పోయిన డెబ్బై ఒక్కేళ్లకు.

మన దేశంలో మొదటి జంతు హింస నివారణ సంఘం 1861లో కలకత్తాలో మొదలైంది. స్వతంత్రం వచ్చాక భరతనాట్యానికి పేరు తెచ్చిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ఈ విషయం మీద పట్టుబట్టింది. 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1965లో బండి లాగే, బరువు మోసే పశువుల కోసం నిబంధనలు చేశారు. వాటిని రైతులకు ఎవరూ చదివి చెప్పరు కాబట్టి ఇక్కడ చెబుతాను. పశువును రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి పనిలో పెట్టకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా ఐదు గంటలకు మించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు కట్టకూడదు. ముల్లుగర్ర వాడకూడదు, ముళ్లున్న కళ్లెం పెట్టకూడదు. మా దిక్కున మార్చి ఆఖరు నుంచి జూన్ దాకా ఆ వేళకు ఎండ 37 దాటే రోజులే ఎక్కువ. అంటే ఎండాకాలం అంతా నడిపొద్దున కాడి దించాల్సిందే. పాత రైతుకు ఇది చట్టం చెప్పాల్సిన పని లేదు. నాలుగింటికి లేచి అరక కట్టి, పొద్దు ఎక్కేసరికి చెట్టు కిందికి తోలేవాడు. చట్టం అవసరమయ్యేది ఇటుకలకు, ఇసుకకు ట్రిప్పు లెక్కన బండి కట్టేచోట. శామ్ లెక్క మళ్లీ అక్కడ మొదలవుతుంది. ఇక శిక్ష సంగతి వింటే మనసు చివుక్కుమంటుంది. ఆ చట్టం కింద పశువును హింసిస్తూ మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు.

గుర్రం మా ఊళ్లకు దూరమైన జంతువు. ఈనాడు మా పిల్లలు గుర్రాన్ని చూసేది పెళ్లి బరాత్‌లోనే. నాలుగు దిక్కులా డీజే, కాళ్ల దగ్గర పటాకులు, కళ్లలోకి లైట్లు, నడుమ పూలదండలు వేసుకున్న తెల్లగుర్రం చెవులు వెనక్కి వాల్చి నిలబడి ఉంటుంది. చెవులు వెనక్కి వాలితే దానికి భయమో కోపమో ఉందని అర్థం. దొరసాని తోలుపట్టెకు, మన బరాత్‌కు నాకు తేడా కనబడదు. రెండూ నలుగురు చూడాలనే.

మా నేల జంతువు కోడె. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు తెలియని ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. సంతానం కలిగితే, పంట పండితే, జబ్బు తగ్గితే కోడెను కడతామని మొక్కుకుంటారు. పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, దేవుడి ముందు కట్టేస్తారు. నా పేరున కూడా మా ఇంట్లో ఒక కోడె మొక్కు తీర్చారు. దాని మెడ కింద వేలాడే గంగడోలు పట్టుకుంటే వెచ్చగా, పట్టుగుడ్డలా మెత్తగా ఉండడం ఇప్పటికీ నా చేతికి గుర్తుంది. ఆ తర్వాత అది ఎక్కడికి పోయిందని నేను అడగలేదు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

సొంతంగా కోడెను తెచ్చి దేవుడికి వదిలేవాళ్లూ ఉన్నారు. అట్లా వచ్చిన కోడెలను తిప్పాపూర్‌లో ఉన్న దేవస్థానం గోశాలలో ఉంచుతారు. 2025లో ఆ గోశాలలో కోడెలు వరుసగా చనిపోయాయన్న వార్త వచ్చినప్పుడు ఈ ప్రాంతమంతా కలతపడింది. కోడెలను రైతులకు ఇచ్చే పని సాగింది. ఎవరిది తప్పని తేల్చడం నా ఉద్దేశం కాదు. మెర్రీలెగ్స్ షరతు గుర్తుచేయడమే నా పని. మనం పగ్గం దేవుడి చేతికి ఇచ్చామనుకుంటాం. నిజంగా అది మరొక మనిషి చేతికి పోతుంది, అక్కడి నుంచి ఇంకొకరి చేతికి. భక్తితో వదిలిన జీవికి మేత ఎంత, నీడ ఎంత, ముసలితనంలో చోటు ఎక్కడ అని అడగడం కూడా మొక్కులో భాగమే. అడగకపోతే మనమూ గోర్డన్ దొర లాగా మిగిలిపోతాం. అందరి పట్ల మంచివాడే, ఒక్క మెర్రీలెగ్స్ విషయంలోనే ముందుచూపు ఉన్నవాడు.

పుస్తకానికి హద్దులు లేవని అనను. గుర్రం పని చేయాలా వద్దా అని అది అడగదు. పని చేస్తుందనే ఒప్పుకుని, ఎట్లా చేయించుకోవాలన్నంత వరకే మాట్లాడుతుంది. మన కాలం కష్టం వేరు. ట్రాక్టర్ వచ్చాక ఎద్దుకు పనే లేదు. శ్రావణం చివర పొలాల అమావాస్యకు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి ఊరేగించే ఇళ్లు ఏటేటా తగ్గుతున్నాయి. అన్నా సూయెల్ గుర్రం పని ఎక్కువై చచ్చేది. మన కోడె పని లేక, అక్కరలేనిదై, రోడ్డు మీద ప్లాస్టిక్ కవర్లు తిని చస్తోంది. దీనికి ఆ పుస్తకంలో జవాబు లేదు. జవాబు వెతికే పద్ధతి మాత్రం ఉంది. ఆ జంతువు నోటితో దాని ఒక్క రోజు కథ చెప్పించి చూడటం. పొద్దున లేచి ఎక్కడ నీళ్లు తాగింది, ఎండలో ఎక్కడ నిలబడింది, ఎవరు కొట్టారు, ఎవరు అరటితొక్క పెట్టారు. బడిలో పిల్లలతో ఈ పని చేయించి చూడండి. మా ఊరి ఐదో తరగతి పిల్లలకు బ్లాక్ బ్యూటీ కథ చెప్పి, బస్టాండు దగ్గరి కోడె గురించి రాయమంటే, ఒక అమ్మాయి దాని కొమ్ముకు చుట్టుకుపోయిన తాడు గురించి రాసింది. రోజూ అటే పోయే నేను ఆ తాడు చూడలేదు. మర్నాడు నలుగురం కలిసి దాన్ని కోసేశాం.

టీచర్లకు, తల్లిదండ్రులకు నా మనవి రెండే మాటలు. ఈ పుస్తకం కొనేటప్పుడు కుదించినది కాకుండా పూర్తి ప్రతి కొనండి, చిరుగుల కోటు శామ్ ఉన్నది చూసి కొనండి. రెండోది, పశువుకు దెబ్బ తగిలినా, జబ్బు చేసినా 1962కు ఫోన్ చేయవచ్చు, పశువైద్యం వాహనం వస్తుంది. మా రుద్రంగి వాళ్లకు కోరుట్లలో పశువైద్య కళాశాల కూడా ఉంది. నంబరు ఇవాళే ఫోన్‌లో ఎక్కించుకోండి, పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.